రంగుల చాచా, పసుపు మరకలు

పోయిన నెల మా నాగర్‌కర్నూలు కాలేజీకి కొత్త మిషన్ ఒకటి వచ్చింది. దానితో పాటు అరచేతంత ప్లాస్టిక్ పలక, ఆ పలకలో తొంభై ఆరు చిన్న గుంటలు. గుంటకో చుక్క పోసి లోపలికి తోస్తే, ఏ చుక్కలో ఎంత రంగుందో నిమిషంలో చెప్పేస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ ఒకమ్మాయి మాత్రం, "ఇది లేనప్పుడు ఎట్ల చూసేటోళ్లు మేడం?" అని అడిగింది.

"గద్వాలల మాకొక చాచా ఉండె. ఆయన చూసి చెప్పేటోడు" అన్నాను.

అందరూ నవ్వారు. సరదాకి అన్నాననుకున్నారు. ఆ చాచా పోయి ఏడాది దాటింది. ఆయన గుర్తొస్తే నాకు బాధ కంటే ముందు నవ్వొస్తుంది. ఆ వేళ కూడా పిల్లలతో పాటు నవ్వేసి, స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చుని, చాలాసేపు ఆయన గురించే ఆలోచించాను.

అప్పుడు నేను గద్వాలలో బాటనీ లెక్చరర్ని. కరోనా తర్వాత ఊరూరా తిప్పతీగ పేరు మోగిపోతున్న రోజులు. ఆ తీగ కాడలో పసుపురంగు పదార్థం ఒకటుంటుంది. మందుగుణం దానిదే. కాడ ముక్కను సీసాలో, పోషకాలు కలిపిన జెల్లీ మీద పెడితే కొన్ని వారాలకు వేరూ ఆకూ లేకుండా ఉత్త కణాల ముద్ద పెరుగుతుంది. ఆ ముద్దలు కూడా పసుపు తయారు చేస్తాయి. కానీ అన్నీ ఒక్కలా చేయవు. ఒకే తీగ నుంచి వచ్చిన ముద్దల్లో ఒకటి బాగా చేస్తుంది, పక్కది అసలే చేయదు. బాగా చేసేవాటిని ఏరి పెంచుకుంటే, తీగల్ని వేళ్లతో సహా పీకే పని తప్పుతుంది. అదీ మా ఆశ.

ఏరడమే కష్టం. వందల సీసాలు. ఒక్కొక్కదాన్నీ ఎండబెట్టి, నూరి, పట్నం పంపి పరీక్ష చేయించాలంటే మా జన్మ చాలదు. అందుకని తొందరగా తేల్చే పద్ధతి పెట్టుకున్నాం. ముద్దలోంచి కందిగింజంత ముక్క కోసి, తెల్లటి వడపోత కాగితం మీద పెట్టి, ఒక చుక్క స్పిరిట్ వేసి, గాజుపలకతో నొక్కుతాం. గోధుమరంగు పిప్పి మధ్యలో ఉండిపోతుంది. పసుపు మాత్రం చుట్టూ వలయంలా పాకుతుంది. వలయం ఎంత చిక్కగా ఉంటే ముద్దలో అంత మందు. మిగతా ముద్ద సీసాలో క్షేమంగా పెరుగుతూ ఉంటుంది. గంటలో వంద ముద్దలు చూడొచ్చు.

చూడొచ్చు గాని, ఎవరు చూడాలి? ఒకే మరక ముగ్గురు విద్యార్థులకు చూపిస్తే మూడు మాటలు చెప్పారు. రంగును కొలిచే యంత్రం అప్పుడు మా కాలేజీకి అందని మాట.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి చీర కోసం ఒక మగ్గం ఇంటికి వెళ్లాను. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటికీ వేరువేరుగా రంగు అద్దుతారు. ఆ చీరలో రెండూ ఒకే రంగు రావాలి. నేసే ఆయన రంగద్దిన దారపు చుట్టలు రెండు, నూలు చిలపా పట్టు చిలపా, చెరో చేత్తో పట్టుకుని తల గోక్కుంటున్నాడు. నాకు రెండూ ఒకటిగానే కనిపించాయి. "ఏదో తేడా ఉన్నది, చాచాను పిలువు" అని కొడుకును పంపాడు.

వచ్చిన మనిషికి డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల లాల్చీ, గళ్ల లుంగీ, ఎన్ని కడిగినా పోని నీలం పట్టిన గోళ్లు. లోపలికి రాలేదు. చిలపలు రెండూ తీసుకుని గడప అవతల వెలుతురులో నిలబడి, చేయి చాపినంత దూరం పెట్టి, తల పక్కకు వంచి చూశాడు.

"పట్టుకు ఒక్క ముంపు ఎక్కువ పడ్డది" అన్నాడు. అంతే, వెళ్లిపోబోయాడు.

నేను వెనకాలే పరుగెత్తాను. "చాచా, జర మా కాలేజీకి వస్తరా? రంగులు చూసి చెప్పాలె."

"కాలేజీల చీరలు నేస్తున్నరా బేటీ?"

"చీరలు కాదు. తిప్పతీగ."

"తిప్పతీగకు రంగేడిది? దానికున్నది చేదు" అని నవ్వాడు. కానీ మరునాడు పదింటికి వచ్చాడు.

మొదటిసారి సీసాలోని కణాల ముద్దను చూసి, "ఇదేంది, చల్లారిన ఉప్మా లెక్కున్నది" అన్నాడు. ఒకే తీగ నుంచి వచ్చినా ఒక్కో ముద్దది ఒక్కో తీరని చెప్పాను. "నాకు నలుగురు కొడుకులు బేటీ. నాకు కొత్తగ చెప్తున్నవా?" అన్నాడు.

ఆ రోజు నుంచి వారానికి రెండు పూటలు వచ్చేవాడు. ఆయన పద్ధతులు ఆయనవి. ట్యూబులైటు కింద చూడడు. ఉత్తరం వైపు వరండాలో, పదింటికీ పన్నెండింటికీ మధ్యే చూస్తాడు. తెల్ల లాల్చీ తప్ప వేసుకోడు. రంగు చొక్కా నీడ కాగితం మీద పడితే కన్ను మోసపోతుందంటాడు. ఎర్ర చున్నీ వేసుకున్న పిల్ల దగ్గరికొస్తే, "జర అవుతల జరుగు బేటీ, నీ చున్నీ నా పసుపుల పడుతున్నది" అనేవాడు. పది మరకలు చూశాక ఎదురుగా ఉన్న నల్లరాతి గోడను కాసేపు చూసి, మళ్లీ కాగితం అందుకునేవాడు. "కన్నుకు నోరు కడగాలె గద" అనేవాడు.

ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయమంటే ఒప్పుకోలేదు. అంకెల్లో రంగు ఎక్కడుంటుందని అడిగాడు. చివరికి ఆయన మాటలే మా రిజిస్టరులోకి ఎక్కాయి. రంగు ముట్టని నూలును వాళ్లు కోర అంటారు. పసుపు లేనే లేని మరక కోర. ఉందా లేదా అన్నట్టుంటే మజ్జిగతేట. ఆపైన శనగపిండి, నిమ్మపండు, తంగేడు, అన్నింటికంటే చిక్కనిది పసుపుకొమ్ము. మా పిల్లలు నోటుబుక్కుల్లో "సీసా ముప్పై రెండు, తంగేడు" అని రాసుకునేవాళ్లు.

నాకు మాత్రం లోపల అనుమానం ఉండేది. ఇరవై ముద్దలు ఏరి హైదరాబాదులో పెద్ద ల్యాబుకు పంపాను. వాళ్ల యంత్రం చెప్పిన వరసా చాచా చెప్పిన వరసా పక్కపక్కన పెట్టి చూస్తే, పక్కపక్కన ఉన్న రెండు మాత్రం తారుమారయ్యాయి. మిగతా పద్దెనిమిదీ ఒక్కటే. నాకు గాల్లో తేలినట్టయింది. చాచాకు చెబితే ఆ పద్దెనిమిదిని వదిలేసి ఆ రెండింటి మీదే పంచాయితీ పెట్టాడు.

"మీ మిషన్ ఎండల చూశిందా, నీడల చూశిందా?"

"మిషన్ లోపలనే దానికి దీపం ఉంటది చాచా."

"గదే మరి. దీపంతోని చూస్తే గిట్లనే అయితది."

ఆ తర్వాత ఆయన మాటకు కాలేజీలో ఎదురు లేకుండా పోయింది. ఏడాదిన్నర గడిచింది.

ఒకనాడు కాగితం పైకెత్తి, "ఈ కాయితం మార్చిన్రా?" అని అడిగాడు. లేదన్నాను. "తెల్లగ లేదు బేటీ. చాయ్ పడి ఆరినట్టున్నది." రెండు వారాల తర్వాత మళ్లీ అదే మాట. చాచా చెప్పాక ఇంకేముంది, నేను కాగితం అమ్మే ఆయనకు ఫోన్ చేసి గొడవ పడ్డాను. పాపం, ఆయన కొత్త పెట్టె పంపాడు. చాచా దాన్ని కూడా తిప్పి తిప్పి చూసి, "గిదీ గంతే" అన్నాడు.

అప్పుడు మా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి పేరు మంజుల. వడ్డేపల్లి పిల్ల. మాట్లాడితే మనకు వినపడదు, అంత మెల్లగా మాట్లాడుతుంది. ఒక మధ్యాహ్నం నా టేబుల్ పక్కన వచ్చి నిలబడింది.

"మేడం, చాచా కోర అన్నవాట్ల కొన్నిట్ల నాకు పసుపు కనపడుతున్నది."

"చాచా అరవై ఏండ్ల సంది రంగులు చూస్తుండు. నువ్వు అరవై రోజుల సంది చూస్తున్నవు" అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆమె మాటా చాచా చాయ్ మరక మాటా నా తలలో ఒక్కసారిగా కలుసుకున్నాయి. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మరునాడు, కొన్ని నెలల కింద చాచా శనగపిండి అన్న ముద్దల్లోంచే కొత్త ముక్కలు తీసి, నంబర్లు మార్చి ఆయన ముందు పెట్టాను. చూశాడు. "కోర. కోర. మజ్జిగతేట. కోర." గొంతులో అదే ధీమా. అవే మరకలు నేను చూశాను, మంజుల చూసింది. పసుపు కళ్లకు కొట్టొచ్చినట్టుంది.

ఆ రోజు మంగళవారం. కోర అని తేలిన సీసాలను గురువారం కుక్కరులో ఉడికించి పారేయాలి. నూట నలభై సీసాలు. నాకు సీసాల కంటే చాచా గురించే భయంగా ఉంది. రంగుల మనిషికి కన్ను తప్పుతోందని ఎలా చెప్పను? బుధవారమంతా మాటలు వెతుక్కుని, సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను.

ఆ ఇంటి గురించి చెప్పాలి. ఆ ఏడే ఇంటి ముందుగోడకు చాచా దగ్గరుండి రంగు వేయించాడు. నీలం. మామూలు నీలం కాదు, సందు మొదట్లో నిలబడితేనే కళ్లు చికిలించాల్సినంత నీలం. సందులో వాళ్లంతా చూశారు గాని ఒక్కరూ నోరెత్తలేదు. రంగుల ఉస్తాదు వేయించాడంటే అందులో మనకు తెలియని మర్మమేదో ఉంటుందని ఊరుకున్నారు. నేనూ అంతే.

చాచా దండెం మీది చిలపలు తిప్పుతున్నాడు. చాచీ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. సంచిలోంచి కొత్త వడపోత కాగితం తీసి చాచా చేతిలో పెట్టాను.

"చాచా, ఒక్క కన్ను మూసి ఇది చూడుండ్రి."

నవ్వుతూ కుడికన్ను మూశాడు. "తెల్లగనే ఉన్నది. జర చాయ్ రంగు కొడుతున్నది, గంతే." ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాడు. నవ్వు ఆగిపోయింది. మళ్లీ అటు, మళ్లీ ఇటు. కాగితం దగ్గరికి తెచ్చాడు, దూరం జరిపాడు. దండెం మీది తెల్ల పట్టు చిలప దగ్గరికి నడిచి, దాన్ని కూడా అలాగే చూశాడు.

"పాడైంది కాయితం కాదన్నట్టు" అన్నాడు మెల్లగా.

చాచీ బియ్యం చేట పక్కన పెట్టింది. ఆయన కళ్లు తుడుచుకుంటాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం చటుక్కున నా వైపు తిరిగాడు.

"ఎన్ని పారేశిన్రు?"

"ఏంది చాచా?"

"నేను కోర అన్నవి! ఎన్ని సీసాలు పారేశిన్రు?"

"పోయిన విడతవి పారేసినం. ఈ విడత నూట నలభై ఇంకా ఉన్నయి. రేపు పారేస్తరు."

"ఆపుండ్రి! ఫోన్ చెయ్యి, ఇప్పుడే చెయ్యి. రేపు పొద్దుగాల ఎవరన్న కుక్కర్ పెట్టేస్తరు!"

ఆయన ముందే మంజులకు ఫోన్ చేశాను. ఆ పిల్ల సీసాలు పారేయొద్దని అప్పటికే అలమారకు చీటీ అంటించిందట. నాకు చెప్పడానికి భయపడింది. ఆ మాట చాచాకు చెబితే అప్పుడు పెద్దగా ఊపిరి వదిలి, చాచీ పక్కన గడప మీద కూలబడ్డాడు. "పోయిన విడత ఎన్ని పోయినయో" అని ఒకసారి అన్నాడు. గడప పక్కనున్న మందార మొక్క ఆకులు తెంపుతూ కూర్చున్నాడు.

శుక్లం అన్నారు డాక్టర్లు. కంటి లోపలి అద్దం పసుపుబారి మసకేస్తుంది. లేత పసుపుకూ తెలుపుకూ తేడా తెలియదు, నీలాలు చప్పబడతాయి. ఆపరేషన్ అంటే మొదట మొండికేశాడు. ఉన్నది కూడా పోతే ఎట్లా అన్నాడు. చాచీ ఒకటే మాట అంది, "నూట నలభై సీసాలు నీ కోసం కూసున్నయి, నడువు." ఆమెకు ఆ సీసాలేమిటో ఇప్పటికీ తెలియదు. వనపర్తి దవాఖానలో కుడికంటికి చేశారు. కట్టు విప్పే రోజు నేనూ వెళ్లాను.

కట్టు తీయగానే ఎదురుగా చాచీ కనిపించింది. చాచా ఆమె ముఖం చూడలేదు, చీర చూశాడు.

"ఈ చీర ఎప్పుడు కొన్నవు?"

"పదేండ్లయింది. నువ్వే అద్దినవు."

"గింత మంచి నీలం అద్దిన్నా నేను!" అని గట్టిగా అరిచాడు. నర్సు వచ్చి కసిరింది.

గద్వాల తిరిగొచ్చేదాకా కారులో ఒకటే ఆట. ఒక కన్ను మూసి చూడటం, ఇంకో కన్ను మూసి చూడటం. "ఇటు చాయ్, ఇటు పాలు. ఇటు చాయ్, ఇటు పాలు." దారిలో ఎవరి వరిపొలం కనిపించినా రెండు కళ్లతోనూ పరీక్షే. ఇంటి ముందు దిగి, ముందుగోడ చూసి కొయ్యబారిపోయాడు.

"ఏ గాడిది ఏశిండు ఈ రంగు?"

చాచీ తాళం తీస్తూ, వెనక్కి తిరక్కుండా అంది. "నువ్వే."

సందంతా ఆ రోజు నవ్విన నవ్వు చెప్పలేను. నెలల తరబడి ఆపుకున్న నవ్వు. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది చాచానే. కంటి మీద ఒత్తిడి పడొద్దని డాక్టరు చెప్పాడని చాచీ మొత్తుకుంటున్నా ఆగలేదు.

మూడు వారాలకు కాలేజీకి వచ్చాడు. నూట నలభై ముద్దల్లోంచీ కొత్త ముక్కలు తీశాం. చాచా వరండాలో ఎప్పటి చోటే కూర్చుని, మంజులను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీకు కనపడ్డది నాకెందుకు చెప్పలె?"

"భయమైంది చాచా."

"నేను పులినా? ఇగ నుంచి ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెప్త. నా మాట విన్నంక చెప్పొద్దు."

అట్లా మొదలైంది. మొదటి పూట మంజుల పెదవులు కదిలేవి గాని మాట వినిపించేది కాదు. రెండో వారానికి "శనగపిండి" అని గట్టిగానే అంటోంది. నాలుగో వారానికి ఇద్దరికీ తగాదా. ఆమె నిమ్మపండు అంటుంది, ఆయన కాదంటాడు. ఇద్దరూ లేచి ఎండలోకి పోయి చూసి వచ్చేవాళ్లు. ఎవరిది తప్పయితే వాళ్లు మరకకు సలాం చేయాలి. చాచా కూడా చేశాడు, రెండు మూడు సార్లు. ఆయన కోర అన్న నూట నలభైలో పందొమ్మిదింటికి పసుపు ఉందని తేలింది.

అవి కూడా లేత పసుపే. గొప్పవేమీ కాదు. మా దగ్గర అప్పటికే తంగేడులూ పసుపుకొమ్ములూ ఉన్నాయి. కానీ ఈ ముద్దలతో ఒక తంటా ఉంది. నెలకోసారి కొత్త జెల్లీ మీదకు మారుస్తూ పోతుంటే, మొదట మిలమిలా మెరిసినవే మెల్లగా రంగు మానేస్తాయి. ఆరు నెలలు తిరిగేసరికి మా పసుపుకొమ్ములు శనగపిండికి దిగిపోయాయి. రెండు తంగేడులు ఏకంగా కోర అయ్యాయి. మా ముఖాలు వాడిపోయాయి. ఒక్క అరవై ఒకటో నంబరు మాత్రం, మంజుల పట్టిన పందొమ్మిదిలో ఒకటి, నెలనెలా కొంచెం కొంచెం చిక్కబడి నిమ్మపండు దగ్గర నిలబడింది. తర్వాత కదల్లేదు. హైదరాబాదు పంపాం.

అక్కడి ల్యాబు నుంచి జవాబు వచ్చిన రోజు నేనూ మంజులా చాచాను వెతుక్కుంటూ వెళ్లాం. రంగులద్దే వీధి చివర చాయ్ హోటల్లో, నేత పనివాళ్ల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నిలకడగా మందు తయారుచేసే ముద్ద మన దగ్గర ఉందట, సీసాలు కావాలని అడుగుతున్నారు అని చెప్పాను.

"ఏ నంబరు?"

"అరవై ఒకటి."

చాచా ఒక్క క్షణం పైకి చూశాడు. "నేను కోర అన్నదా?"

"అదే."

ఇంత మంది ముందు చెప్పాల్సింది కాదేమో అనుకున్నాను. కన్ను తప్పిన సంగతి నేతవాళ్లకు తెలిస్తే పరువు పోతుందని ఆపరేషన్ ముందు ఆయనే నాతో అన్నాడు. చాచా గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఇనుండ్రి అందరు! కాలేజీల ఒక సీసా ఉండె. దాంట్ల రంగు లేదని నేను చెప్పిన. కోర అన్న. ఇయ్యాల పట్నమోళ్లు గదే కావాలంటున్నరు!"

"నువ్వు తప్పు చూసినవా చాచా?" అన్నాడు ఒకాయన నమ్మలేక.

"ఒక్కటి గాదు బిడ్డా, పందొమ్మిది!" పతకమేదో వచ్చినట్టు చెబుతున్నాడు.

"మరెవరు పట్టిన్రు?"

మంజుల అప్పటికే నా వెనక్కి జరిగింది. చాచా వచ్చి ఆమె చేయి పట్టుకుని ముందుకు తెచ్చాడు. తన లాల్చీ అంచుతో స్టూలు దులిపాడు.

"గీమె. వడ్డేపల్లి పిల్ల. గీమె మా ఉస్తాదు. కూసో బేటీ, ఉస్తాదులు నిలబడరు."

వద్దు వద్దంటూనే మంజుల కూర్చుంది. ఆమెకు చాయ్ తెప్పించి, తన గ్లాసు తీసుకుని, ఆ రోజు చాచా నిలబడే తాగాడు.